బావ కొన్న సీటు

మా బావ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, కుర్చీని పలకరిస్తాడు. పిడికిలి బిగించి సీటు మధ్యలో ఒక్కసారి నొక్కుతాడు. అంచు కుట్టు మీద బొటనవేలు నడిపిస్తాడు. ఆ తర్వాత కూర్చుని, "ఎవరు కుట్టారండీ ఇది?" అని అడుగుతాడు. ఆ అడగడంలోనే కుట్టినవాడి పరువు సగం పోతుంది. ముప్పై ఏళ్లుగా సోఫాలు, కుర్చీలు, ఆసుపత్రి బల్లలు, ఒకసారి ఒక సినిమా హాలు మొత్తానికీ సీట్లు కుట్టిన మనిషి. వీధిలో అందరికీ సోఫా మాస్టారు, నాకు మా అక్క మొగుడు.

అలాంటి మనిషి కారు కొంటే ఎలా కొంటాడో మీరే ఊహించుకోండి. బానెట్ ఎత్తలేదు. కిందకి వంగి చూడలేదు. ఎన్ని చేతులు మారిందని అడగలేదు. వెనక తలుపు తీసి పిడికిలితో సీటు నొక్కాడు, కుట్టు మీద వేలు నడిపాడు, "అంగుళానికి ఆరు కుట్లు, ఒక్కటంటే ఒక్కటి పక్కకి పోలేదు" అన్నాడు. అమ్మేవాడి మొహం వెలిగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. బస్సు కండక్టర్ని, నాకు కార్ల సంగతి ఏం తెలుసు? అయినా ఉండబట్టలేక, "బావా, ఒకసారి ఇంజను కూడా చూస్తే..." అన్నాను.

"సీటే ఇంత శ్రద్ధగా కుట్టినవాళ్లు ఇంజను అశ్రద్ధగా చేస్తారట్రా?" అన్నాడు.

తాతకు దగ్గులు నేర్పొద్దన్నట్టు చూశాడు కూడా. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసుకున్నందుకు తర్వాత ఏడాదంతా ఆ కారుని తోశాను.

మీకు నవ్వులాటగా ఉండొచ్చు. కానీ ఆయన ఆ కారు కొన్నది దర్జా కోసం కాదు, అక్క నడుము కోసం.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. ఇరవై రెండేళ్లుగా ఒకటో తరగతి తనదే. బడిలో ఎవరు వచ్చినా ఎవరు పోయినా ఆ గది మాత్రం తనది. నిరుడు వెన్నులో ఏదో జారి ఆపరేషన్ అయింది. బాగానే జరిగిందన్నారు డాక్టర్లు. వాళ్లకి బాగానే జరిగినట్టుంది. అక్కని ఆటోలో ఇంటికి తీసుకొస్తే నొప్పి నడుములో మొదలై మడమ దాకా పాకింది, వారం రోజులు మంచం దిగలేదు. స్కూటర్ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. బస్సు వద్దని నేనే చెప్పాను. పొద్దున ఎనిమిదింటికి మా బస్సులో సీటు దొరకదు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

ఆరు నెలల సెలవు అయిపోవచ్చింది. అక్క స్థానంలో పెట్టిన అమ్మాయి చురుకైంది, బడివాళ్లకి నచ్చింది. సెలవు ముగిశాక వచ్చి చేరమన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఎనిమిదిన్నరకి గంట కొడతారు. ఒక నెలలో మూడుసార్లు ఆలస్యమైతే తరగతి ఆ అమ్మాయికి ఇచ్చేసి అక్కని ఇంటికి పంపిస్తారు. ఈ మాట చెప్తూ అక్క ఏడవలేదు. "ఆ గది పోతే నేనింక ఇల్లు కదలను రా. నా సంగతి నాకు తెలుసు" అంది, అంతే. బావ ఆ మాట విన్నాడు. మర్నాటి నుంచే కార్ల వేట మొదలుపెట్టాడు.

ఆదివారాలు అదే పని. నేనూ వాళ్లతో తిరిగేవాణ్ణి. ఎక్కడ పాత కారు అమ్మకానికి ఉందంటే అక్కడికి అక్కని తీసుకెళ్లి, వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. అక్క "పర్లేదండీ" అనేది. "పర్లేదు అంటే బాగోలేదనే" అని ఆయన తలుపు వేసేసేవాడు. అలా పదకొండు కార్లు. పన్నెండోది ఈ ముదురు ఎరుపు కారు. ఒకప్పుడు ఎవరో పెద్దమనిషి ఎక్కి తిరిగినది. గేటు ముందు ఆగితే కాపలావాడు లేచి నిలబడే రకం. వయసు పన్నెండేళ్లు. లోపల మీగడ రంగు తోలు సీట్లు. అక్క కూర్చుంది. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత "బాగుందండీ" అంది.

అదే మొదటిసారి ఆ మాట వినడం. బావ మొహం చూడాల్సింది. కొత్త చిన్న కారు వచ్చే డబ్బు పెట్టి ఆ పాత పెద్ద కారు కొన్నాడు.

మొదటి వారం రాజభోగం. అక్క బడి గేటు ముందు దిగుతుంటే పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. బావ తలుపు తీసి పట్టుకుని నిలబడేవాడు. వీధిలోవాళ్లు వచ్చి కారుని తడిమి వెళ్లేవాళ్లు. పైన పటారం, లోన లొటారం అని ఎవరికి తెలుసు అప్పటికి?

రెండో వారం సోమవారం పొద్దున బావ తలుపు తీసి చూస్తే కారు నేల మీద కూర్చుని ఉంది. నిజంగానే కూర్చుంది. గేదె పడుకున్నట్టు వెనక భాగం మొత్తం చతికిలపడి, చక్రాలు సగం లోపలికి పోయి ఉన్నాయి. మామూలు కార్లకి స్ప్రింగులుంటాయట, దీనికి గాలి తిత్తులట. రాత్రంతా గాలి కారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేస్తే మూలుగుతూ, ఆగుతూ, పావుగంటకి లేస్తుంది. ఆ పావుగంట అక్క చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్ల మీద నిలబడేది.

తర్వాత వెనక కిటికీ అద్దం దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. వాన పడితే తప్పకుండా దిగేది. స్టీరింగ్ ఎడమ వైపుకి తిప్పితే హారన్ మోగేది. కుడివైపు తిప్పితే మోగేది కాదు, అందుకని బావ బడికి కుడి మలుపులే ఉండే దారి కనిపెట్టాడు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు ఊరంతా చుట్టి వెళ్లేవాళ్లు. వీధిలో ఎవరు పెట్టారో గానీ దానికి 'అల్లుడుగారు' అని పేరు స్థిరపడింది. ఎన్ని మర్యాదలు చేసినా అలగడమే తప్ప ఇంటికి ఒక్క పని చేసిపెట్టదు కదా. "అల్లుడుగారు లేచారా మాస్టారూ?" అని పాలవాడు కూడా అడిగేవాడు. మొదట్లో బావ నవ్వేవాడు. తర్వాత తలూపేవాడు. కొన్నాళ్లకి అదీ మానేశాడు.

మెకానిక్కుని నేనే వెతికి పెట్టాను. వాడు చేతికి నూనె అంటనివ్వడు. ఒక వైరు తెచ్చి కారుకి తగిలిస్తాడు, రెండో కొస తన కంప్యూటర్‌కి తగిలిస్తాడు, పెదవి విరుస్తాడు. మేం వాణ్ణి డాక్టరు అనేవాళ్లం.

"ఏం చెప్తోంది?" అని అడిగేవాడు బావ, చేతులు కట్టుకుని.

"ముప్పై ఒక్క తప్పులు చూపిస్తోంది సార్."

"పోయినసారి పద్నాలుగేగా?"

"అవి బాగుచేశాక ఇవి కనబడ్డాయి సార్. బండి మాత్రం రాజా బండి. మీ అదృష్టం."

సామాను ఇక్కడ దొరకదు. ఎక్కడి నుంచో రావాలి, వచ్చేసరికి మూడు వారాలు. వచ్చింది బిగిస్తే పక్కది పోతుంది. బావ ఆ డాక్టరు షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఎదురు చూసేవాడు. ఆ స్టూలుకి కూడా ఒక దిండు కుట్టి పెట్టాడు, ఊరికే ఉండలేక. అక్కడ ఆయన దుకాణంలో కుట్టు మిషన్ మీద దుమ్ము పేరుకుంది. మా బావ మిషన్ మీద దుమ్ము నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు ఆ దుమ్ము మీద ఎవరో వేలితో గీత గీసి వెళ్లారు. సోఫా కుట్టించుకుందామని వచ్చి, మనిషి లేక వెళ్లిపోయినవాళ్లు అయ్యుంటారు.

"అమ్మేయ్ బావా" అన్నాను ఒకసారి, మూడో వీధి చివర కారు వెనక భుజం ఆనించి తోస్తూ.

"అమ్మేస్తే? మీ అక్క దేంట్లో కూర్చుంటుంది? పన్నెండు కార్లు చూశాంరా. ఈ ఒక్కదాంట్లోనే నొప్పి లేదంది."

తోశాను. ఊళ్లో ఏ వీధి ఎంత ఎత్తో, ఏ వీధి ఎంత పల్లమో ఇంజనీర్లకంటే నాకే బాగా తెలుసిప్పుడు.

ఇంట్లో ఉన్నంతసేపూ బావ ఆ సీటుకి ఏదో ఒకటి కుడుతూనే ఉండేవాడు. నడుము దగ్గర ఒక చిన్న దిండు. మెడకి ఒకటి. కాళ్ల కింద ఎత్తు. పొద్దున అక్కని కూర్చోబెట్టి అవన్నీ సర్ది, అద్దంలోంచి చూసి, "ఎలా ఉంది?" అనేవాడు. "బాగుందండీ" అనేది అక్క, తలుపు మీది పిడి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని. దారిలో కారు ఆగిపోతుందేమోనన్న భయంతో అలా పట్టుకుంటుందని అనుకునేవాణ్ణి. దాని తీరు అలాంటిది మరి, ఎవరైనా అంతే అనుకుంటారు.

ఏ నెలలోనూ ఆలస్యాలు రెండు దాటకుండా ఎలాగో ఏడాది నెట్టుకొచ్చారు. ఆ తర్వాతి నెల నాలుగో తారీఖున మొదటి ఆలస్యం. పదిహేడున రెండోది. రెండో రోజు బడి గుమాస్తా రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో రాస్తుంటే అక్క అక్కడే నిలబడి చూసిందట. ఆ సాయంత్రం నుంచి బావ నిద్ర మానేసినంత పని చేశాడు. అయిదింటికే లేచి కారుని లేపేవాడు. మనుషుల్ని లేపడం సులువు. ఆయన కళ్ల కింద నలుపు, అక్క మొహంలో పాలిపోయిన రంగు. ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు వినబడకుండా నిట్టూర్చేవాళ్లు. నేను వెళ్తే ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్లు.

ఇరవై ఎనిమిదో తారీఖు. ఇంకో రెండు రోజులు గడిస్తే కొత్త నెల, లెక్క మళ్లీ మొదటికి. నేను డ్యూటీలో ఉన్నాను. ఎనిమిదింబావు కావొస్తోంది. పెద్ద కూడలి దగ్గర మా బస్సు ఆగిపోయింది. ముందు బళ్లన్నీ వరసగా ఆగి ఒకటే హారన్లు. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి చూసి, నా వైపు తిరిగి, "మీ అల్లుడుగారే" అన్నాడు.

దిగి పరిగెత్తాను. కూడలి నడిమధ్యలో ముదురు ఎరుపు కారు నాలుగు చక్రాల మీదా చతికిలబడి కూర్చుంది. ఈసారి వెనక భాగం మాత్రమే కాదు, మొత్తం. దాని హారన్ ఆగకుండా మోగుతోంది, ఎటూ తిప్పకుండానే. బావ బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. లోపల ఏముందో ఆయనకి ఏడాది తర్వాత కూడా తెలియదు పాపం, అయినా చూస్తున్నాడు. చుట్టూ జనం నోటికొచ్చినట్టు తిడుతున్నారు. అక్క కారు దిగి పక్కన నిలబడి ఉంది.

"టైమెంతరా?" అంది నన్ను చూసి.

"ఎనిమిదీ పదిహేడు. ఎక్కు అక్కా, మా బస్సు ఎక్కు. మూడు స్టాపులే."

బస్సులోంచి పదిమంది దిగొచ్చారు. వాళ్ల పనులు వాళ్లకున్నాయి కాబట్టి మాకంటే ఎక్కువ బలంగా తోశారు. కారు కింద రోడ్డు గీసుకుపోతుంటే దాని పొట్టలో ఏదో విరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. పక్కకి నెట్టేసి వచ్చాం. బావ తాళం కూడా వెయ్యలేదు. అక్క వెనకే ఎక్కాడు, చంకలో ఆ నడుము దిండు పట్టుకుని. నేను 'రైట్' అన్నాను.

ఎప్పటిలాగే బస్సు కిక్కిరిసి ఉంది. అయినా కారు తోసిన సంగతి అందరూ చూశారు కదా, ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి, "రామ్మా, ఇటు కూర్చో" అంది. బావ ఒక్క అంగలో అక్కడికి వెళ్లి, అలవాటుగా పిడికిలితో సీటు నొక్కాడు. మా బస్సు సీట్ల సంగతి నేను చెప్పకూడదు, నా ఉద్యోగం ఉంది. ఆయన మొహం ముడుచుకుపోయింది. చినిగిన రెగ్జిన్ మీద గబగబా దిండు సర్ది, "ఇక్కడ కూర్చో, ఇలా కొంచెం పక్కకి..." అన్నాడు.

"నేను కూర్చోనండీ" అంది అక్క.

"దిండు వేశాగా. కాసేపే."

"కూర్చోను. నిలబడతాను."

"ఆపరేషన్ అయిన మనిషివి, ఈ కుదుపుల్లో..."

"కూర్చుంటేనే నొప్పి" అంది అక్క. గొంతు పెంచలేదు. బస్సు చప్పుడులో కూడా నాకు స్పష్టంగా వినిపించింది. "నిలబడితే లేదు. ఏ రోజూ లేదు. బడిలో సాయంత్రం దాకా నిలబడే ఉంటాను, ఏమీ ఉండదు. ఆ కారులో ముప్పావుగంట కూర్చుంటే దిగేసరికి కాలు నాది కాదు."

బావ దిండు మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. "బాగుందన్నావుగా" అన్నాడు.

"అన్నాను. పన్నెండో కారు అది. మంచి ఎండ. మీ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఇంకో ఆదివారం ఇంకో కారు ఎక్కే ఓపిక లేక బాగుందన్నాను. మీరేమో అప్పటికప్పుడు కొనేశారు. ఆ తర్వాత ఎలా చెప్పను? రోజూ దానికి దిండ్లు కుడుతున్నారు."

"మరి ముందే, నిలబడి వెళ్తానని..."

"ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే చెప్పాను. బస్సులో నిలబడి వెళ్తాను అన్నాను. మీరిద్దరూ ఒకేసారి 'ఛ, ఊరుకో' అన్నారు."

అన్నాం. నాకు ఠక్కున గుర్తొచ్చింది. నేను ఇంకో మాట కూడా అన్నాను, నవ్వుతూ. కండక్టర్ అక్కవై ఉండి నిలబడి వెళ్తే నా పరువేం కావాలి అన్నాను. ఆ నవ్వు ఇప్పుడు నాకే చెంపదెబ్బలా తగిలింది.

ఆ పెద్దావిడకి ఏం చెయ్యాలో తోచలేదు. లేచిన సీటు ఖాళీగా ఉంది, చుట్టూ ఇంతమంది నిలబడి ఉన్నా ఎవరూ కూర్చోవడం లేదు. అక్క పైన కమ్మీ పట్టుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, బస్సు ఎటు ఊగితే అటు ఊగుతూ నిలబడింది. మొహంలో ముడత లేదు. ఏడాది నుంచి ఆ మొహం అలా చూడలేదు నేను. పిల్లలకి పద్యం చెప్పించేటప్పుడు ఉండే మొహం అది. చూస్తుంటే సంతోషం వెయ్యాలి, వేసింది కూడా, కానీ దానికంటే ముందు సిగ్గేసింది.

"మీరు కూర్చోండి" అంది బావతో. "అయిదింటి నుంచీ నిలబడే ఉన్నారు."

బావ కూర్చున్నాడు. దిండు ఒళ్లో పెట్టుకున్నాడు.

బడి స్టాపు వచ్చింది. ఎనిమిదీ ఇరవై ఎనిమిది. అక్క దిగుతుంటే బావ లేవబోయాడు. "వద్దు, నేను వెళ్తాను. మీరు వెళ్లి దుకాణం తెరవండి" అని చెప్పి దిగింది. గేటు దాకా వెనక్కి తిరగకుండా నడిచింది. ఆ నడకలో తడబాటు లేదు. నేను మెట్టు మీద నిలబడి గేటు లోపలికి వెళ్లేదాకా చూసి 'రైట్' అన్నాను. బస్సు కదిలాక వెనక గంట వినిపించింది.

దుకాణం దాటిపోయింది, బావ దిగలేదు. ఆయన పక్క సీటు ఖాళీ అయితే ఒక్క నిమిషం కూర్చున్నాను. డ్యూటీలో కూర్చోకూడదు, అయినా కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "పోనీలే బావా, టైముకి చేరింది. గది తనకే ఉంటుంది" అన్నాను.

ఆయన దిండు అంచు కుట్టు మీద బొటనవేలు నడుపుతున్నాడు, చూడకుండానే.

"ఏడాది నుంచి రోజూ అడిగానురా" అన్నాడు. "సీటు ఎలా ఉంది, సీటు ఎలా ఉంది అని. నీకెక్కడ నొప్పి అని ఒక్కరోజు కూడా అడగలేదు."

నేనూ అడగలేదు. తర్వాతి స్టాపులో జనం ఎక్కుతున్నారు. టికెట్ మిషన్ తీసుకుని లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాను.